మీ ఊరి చరిత్ర మీరే రాసుకోవడం ఎలా: గోదావరి డెల్టా ఊళ్ళ కోసం

ఇంగ్లండులో చాలా పల్లెటూరి చర్చిల్లో తలుపు పక్కన చిన్న బల్ల ఒకటి ఉంటుంది. దాని మీద ఆ ఊరి గురించి ముప్ఫై నలభై పేజీల సన్నటి పుస్తకం, పక్కనే డబ్బులు వేయడానికి ఓ డబ్బా. అమ్మే మనిషి ఉండడు. పౌండో రెండు పౌండ్లో డబ్బాలో వేసి పుస్తకం పట్టుకుపోవడమే. నిండా మూడొందల గడప లేని ఊరికి కూడా అలాంటిది ఉంటుంది. చర్చి గోడ ఏ శతాబ్దంలో కట్టారు, గట్ల మీద కంచెలు ఎప్పుడు వేశారు, పిండిమర ఎవరిది, 1914 యుద్ధానికి వెళ్ళి తిరిగిరాని కుర్రాళ్ళు ఎవరెవరు, అన్నీ అందులో దొరుకుతాయి. రాసింది కూడా పెద్ద పండితులేం కాదు, ఎక్కువగా ఆ ఊళ్ళో రిటైరైన టీచర్లూ, చర్చి పనులు చూసుకునే వాళ్ళూనూ. అక్కడుంటున్న మన పిల్లలు సెలవు రోజున అలా పల్లెల వైపు వెళ్ళి ఫోటోలు పంపిస్తే, ఈసారి ఆ బల్ల మీద పుస్తకం కూడా ఒకటి తెమ్మనండి. నమూనాగా పనికొస్తుంది.

మన దగ్గర ఊరి చరిత్రలు అసలు లేవని కాదు. శంకుస్థాపనలప్పుడూ, శతాబ్ది ఉత్సవాలప్పుడూ అచ్చువేసినవి ఉన్నాయి. తీసి చూడండి: స్థలపురాణం ఆరు పేజీలు, నాలుగు పెద్ద కుటుంబాల వంశవృక్షాలు, విరాళాలిచ్చిన వాళ్ళ రంగు ఫోటోలు. ఊళ్ళో సగం మంది అందులో ఉండరు. దళితుల పేటలో వాళ్ళు ఉండరు, కూలికెళ్ళే వాళ్ళు ఉండరు, ఆడవాళ్ళు ధర్మపత్నులుగా తప్ప ఉండరు. ఇంగ్లండులో అందరి పేర్లూ దొరుకుతాయి, అది వాళ్ళు మనకంటే మంచివాళ్ళవడం వల్ల కాదు. 1538లో ఎనిమిదో హెన్రీ దగ్గర మంత్రిగా ఉన్న థామస్ క్రాంవెల్ ఒక ఆర్డరు వేశాడు. ప్రతి చర్చిలోనూ బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, భూస్థాపనలు ఒక పుస్తకంలో రాయాలి, ఆ పుస్తకాన్ని రెండు తాళాలున్న పెట్టెలో పెట్టాలి, ఒక తాళంచెవి పాదిరి దగ్గర, రెండోది చర్చి పెద్దల దగ్గర ఉండాలి. అందుకని అక్కడ సెంటు భూమి లేని పాలేరు పేరు కూడా కాగితం మీదికెక్కింది. మన కరణం గారి లెక్కల్లో భూమి ఉన్నవాడికే పేరుండేది.

కాబట్టి ఇక్కడ చెప్పేది ఆ రెండో సగాన్ని కూడా కలుపుకుని రాయడం ఎలాగన్నదే. మొదటి సగం ఎలాగూ వద్దన్నా వచ్చి చేరుతుంది.

నీళ్ళతో మొదలుపెట్టండి

పుస్తకాలు, ఆఫీసులు తర్వాత. ముందు ఊరంతా నడవాలి. అదీ ఏప్రిల్ ఆఖర్లోనో మే నెలలోనో, దాళ్వా (రెండో పంట) కోతలైపోయి కాలువలకి నీళ్ళు కట్టేసినప్పుడు. నీళ్ళు లేనప్పుడే తూముల అడుగు, పాత రేవు మెట్లు, లాకుల గోడలు పూర్తిగా బయటపడతాయి. కొన్ని లాకుల మీద, వంతెనల మీద కట్టిన సంవత్సరం చెక్కి ఉంటుంది, మామూలు రోజుల్లో నాచూ గుర్రపుడెక్కా కప్పేసి కనపడదు. ఉదయం ఏటవాలు ఎండలో ఫోటో తీస్తే అక్షరాలు తేలతాయి, మిట్టమధ్యాహ్నం తీస్తే ఏమీ తెలియదు.

డెల్టాలో కొండా గుట్టా ఉండవు గనక ఎత్తు పల్లాల సంగతి మనం పట్టించుకోం, కానీ ఇక్కడ అడుగు ఎత్తు తేడాతోనే ఊరి రూపం మొత్తం మారిపోతుంది. ఒక తెల్ల చార్టు మీద మీ ఊరి కాలువ గీయండి. అది తూర్పు డెల్టాదా, మధ్య డెల్టాదా, పశ్చిమ డెల్టాదా రాయండి. పెద్ద కాలువ నుంచి ఏ తూము దగ్గర విడిపోయింది, పంట బోదెలు ఎటు వెళ్తున్నాయి, మురుగు ఏ కోడులో కలుస్తుంది, మెరక ఎక్కడ, పల్లం ఎక్కడ. లంక గ్రామమైతే ఏటిగట్టు ఎక్కడుంది, రేవు ఎన్నిసార్లు జరిగింది. ఇవన్నీ చెప్పగలిగింది ఇంజనీరు గారికంటే లస్కరు. తూము తలుపులెత్తే మనిషికి తెలిసినంతగా ఊరి ఎత్తుపల్లాలు ఇంకెవరికీ తెలియవు. ఆయనకి టీ ఇప్పించి ఓ పూట కూర్చోండి, లేదా ఆయనతో పాటు గట్టు మీద నడవండి.

ఇప్పుడు అదే చార్టు మీద ఇళ్ళు గుర్తుపెట్టండి. గుడి, పెద్ద వీధులు, మంచినీళ్ళ చెరువు, పశువుల చెరువు, పేటలు, చర్చి, శ్మశానం, సమాధుల తోట. దాదాపు ప్రతి ఊళ్ళోనూ ఒకటే కథ కనపడుతుంది: మెరక మీద ఎవరున్నారు, వానొస్తే నీళ్ళు నిలిచే చోట ఎవరున్నారు, చెరువు ఎవరికి దగ్గర, ఎవరికి దూరం. ఎవరినీ తిట్టక్కర్లేదు, వ్యాఖ్యానాలూ అక్కర్లేదు, మ్యాపు వేసి అచ్చువేస్తే చాలు.

సంవత్సరాల విషయంలో ఒక గీత గుర్తుంచుకోండి. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852కి పూర్తయింది. అంతకుముందు ఊరు వేరు, తర్వాత ఊరు వేరు. ముందు వాన మీదా, చెరువుల మీదా, వరద మీదా ఆధారపడ్డ సేద్యం. 1832-33లో వచ్చిన నందన కరువు గోదావరి, కృష్ణ, గుంటూరు వైపు ఊళ్ళకి ఊళ్ళనే ఖాళీ చేసింది. తర్వాత కాలువలొచ్చి సార్వా (వానాకాలం వరి) నిలబడింది, ఆ పైన దాళ్వా వచ్చింది, కాలువల మీద పడవలొచ్చాయి, బయటి ఊళ్ళ నుంచి జనం వలసొచ్చారు. మీ ఊళ్ళో ఏ కుటుంబం ఎక్కడి నుంచి వచ్చిందో అడిగితే ఆ రాకల్లో చాలా భాగం ఈ గీతకి ఇవతలే పడతాయి.

ఇక్కడే ఒక జాగ్రత్త. మా వైపు ప్రతి ఊళ్ళోనూ ఆ ఆనకట్ట కట్టించిన కాటన్ దొర గుర్రం దిగి మజ్జిగ తాగిన చెట్టు ఒకటుంటుంది. కాటన్ గారి మీద గౌరవం ఎవరికి ఉండదు, ఆయన పుట్టినరోజు మే 15న దండ వేయని ఊరుందా. అయినా ఆధారం లేకుండా ఆ చెట్టుని పుస్తకంలోకి ఎక్కించకండి, "ఊళ్ళో అలా చెప్పుకుంటారు" అని రాసి వదిలేయండి. ఆనకట్ట పని మధ్యలో ఆయన జబ్బుపడి సెలవు మీద వెళ్ళిపోతే ఆ కాలంలో పని నడిపించింది ఓర్ అనే అధికారి. కూలీలని సమకూర్చి పని చేయించిన వీణం వీరన్న పేరు ఇప్పుడిప్పుడే నలుగురి నోళ్ళలో పడుతోంది. తట్టలు మోసిన వేలమందిలో మీ ఊరి వాళ్ళు ఎవరైనా ఉన్నారేమో వెతకడం చెట్టు కంటే విలువైన పని.

ఊరి పేరు ఎలా వచ్చిందన్న దాని మీద మాత్రం రెండు పేరాలకి మించి ఖర్చుపెట్టకండి. పది రకాలుగా చెప్తారు, పదీ రాయండి, ముందుకి సాగండి.

కాగితాలు ఎక్కడ దొరుకుతాయి

ముందు మీ ఊరు ఏ కాలంలో ఏ జిల్లాలో ఉందో ఒక చీటీ రాసుకోండి, లేకపోతే తప్పు ఆఫీసులో తప్పు బీరువా ముందు నిలబడతారు. 1859 దాకా రాజమండ్రి జిల్లా, ఆ ఏడాది గోదావరి జిల్లా. 1904లో భీమవరం, తణుకు, నరసాపురం లాంటి పడమటి తాలూకాలు కృష్ణా జిల్లాలోకి పోయాయి. 1925లో ఏలూరు కేంద్రంగా పశ్చిమ గోదావరి వచ్చింది, అవతలిది తూర్పు గోదావరి అయింది. 1985లో తాలూకాలు పోయి మండలాలొచ్చాయి. 2022 ఏప్రిల్ 4న కోనసీమతో సహా కొత్త జిల్లాలు. అంటే భీమవరం పక్క ఊరి పాత కాగితం మచిలీపట్నంలో తేలినా ఆశ్చర్యపోకూడదు. యానాం పక్క ఊరైతే 1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉన్న ఆ ఊరితో ఇచ్చిపుచ్చుకోవడాలు, పెళ్ళిళ్ళు, సారా రవాణా, అదో ప్రత్యేక అధ్యాయం.

భూమి కాగితాల్లో మొదట అడగాల్సింది ఆర్ఎస్ఆర్, అంటే రీసర్వే సెటిల్మెంట్ రిజిస్టరు. బ్రిటిష్ కాలం నాటి సర్వే నంబర్లు, ఏది పోరంబోకు, ఏది చెరువు, ఏది పుంత, ఏది ఇనాం, ఎవరి పేరు మీద, అన్నీ అందులో ఉంటాయి. ఇవాళ ఇళ్ళున్న చోట అప్పుడు చెరువుందని తేలితే మీ పుస్తకానికి శత్రువులు తయారవుతారు, అది వేరే సంగతి. అడంగలు, ఊరి మ్యాపు ఆన్‌లైన్లో ప్రభుత్వ వెబ్‌సైటు మీభూమిలో దొరుకుతాయి. పాత పుస్తకాల కోసం తహసీల్దారు ఆఫీసులో నకలుకి దరఖాస్తు పెట్టండి, కదలకపోతే సమాచార హక్కు కింద అడగండి. 1984లో వంశపారంపర్య కరణాలు, మునసబుల వ్యవస్థ రద్దయినప్పుడు కొన్ని ఊళ్ళ లెక్కలు ఆఫీసుకి చేరకుండా వాళ్ళ ఇళ్ళ అటక మీదే ఉండిపోయాయి. ఆ కుటుంబం ఇంకా ఊళ్ళో ఉంటే మర్యాదగా వెళ్ళి అడగండి. "ఇచ్చేయండి" అనొద్దు, "ఇక్కడే కూర్చుని ఫోటో తీసుకుంటామండీ" అనండి, తలుపులు తెరుచుకుంటాయి.

జనాభా లెక్కల శాఖ ప్రతి పదేళ్ళకీ వేసిన జిల్లా హ్యాండ్‌బుక్కులు ఇంటర్నెట్లో ఉచితం. 1951 నుంచి 2011 దాకా మీ ఊరి జనాభా, ఇళ్ళు, కరెంటు, బడి వరసగా పెట్టి చూస్తే ఏ పదేళ్ళలో ఊరు ఖాళీ అవడం మొదలైందో తెలుస్తుంది. రాజమండ్రి గౌతమీ గ్రంథాలయంలో పాత గెజిటీర్లు, పత్రికలు చూడొచ్చు. ఊరి గుళ్ళో శాసనం ఉంటే మీరు చదవాలని ప్రయత్నించకండి, పురావస్తు శాఖ వాళ్ళు చదివి అచ్చువేసిన సంపుటాల్లో ముందు వెతకండి. ద్రాక్షారామం గుడిలోనే వందల శాసనాలున్నాయి, చుట్టుపక్కల ఊళ్ళ పేర్లు వాటిలో వస్తాయి.

ప్రభుత్వ బడిలో అడ్మిషన్ రిజిస్టరు ఉంటుంది. చాలా ఊళ్ళలో అందరి పిల్లల పేర్లూ ఉన్న మొదటి పుస్తకం అదే. తండ్రి పేరు, వృత్తి, ఏ ఊరి నుంచి వచ్చారు, ఏ తరగతిలో మానేశారు. ఆడపిల్లలు ఏ ఏడాది నుంచి చేరారో, ఏ తరగతి దగ్గర ఆగిపోయారో లెక్క తీయండి, ఒక్క పేజీలో సగం చరిత్ర చెప్పినట్టే. పుట్టినరోజులు మాత్రం నమ్మకండి, హెడ్మాస్టరు గారి దయ వల్ల జూలై 1న పుట్టిన వాళ్ళు ఊరి నిండా ఉంటారు.

పేటలోని పుస్తకం

ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే ఊరి చరిత్రలు రాసేవాళ్ళు ఎక్కువగా తొక్కని గడప ఇదే.

డెల్టాలో క్రైస్తవ పేటల చర్చి పుస్తకాలు మన దగ్గర ఇంగ్లండు రిజిస్టర్లకి దగ్గరగా వచ్చే వస్తువు. కరణం లెక్కల్లో లేని మనుషులు వీటిలో పేరూ, తండ్రి పేరూ, ఊరితో సహా ఉంటారు. అయితే పుస్తకం అడగబోయే ముందు మీ ఊరి చర్చి ఏ మిషన్ నుంచి వచ్చిందో తెలుసుకోవాలి. ఇంగ్లండులో డెవన్ కౌంటీలోని బార్న్‌స్టేపుల్ అనే ఊరి నుంచి విలియం బౌడెన్, జార్జి బీర్ అనే ఇద్దరు భార్యలతో సహా 1836లో ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ అనే మిషనరీ వెంట ఈ దేశం వచ్చారు. నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల వాళ్ళు మొదలుపెట్టిన పనే తర్వాత గోదావరి డెల్టా మిషన్ అయింది, బ్రదరన్ సంఘాలంటాం. రాజమండ్రిలో 1845లో జర్మన్లు మొదలుపెట్టిన మిషన్ 1851లో అమెరికన్ లూథరన్ల చేతికొచ్చింది. కాకినాడలో 1874లో కెనడా బాప్టిస్టులొచ్చారు. కాథలిక్కులు వేరే. ఇవాళ ఒకే పేటలో ఇవి మూడు నాలుగు రకాలు, వాటితో పాటు కొత్తగా వచ్చినవి ఇంకో అరడజను ఉంటాయి.

మిషన్ తేడా ఎందుకంటే, పుస్తకం చదివే పద్ధతి దాన్ని బట్టి మారుతుంది. లూథరన్లు, కాథలిక్కులు పసిపిల్లలకి బాప్తిస్మం ఇస్తారు, కాబట్టి ఆ తేదీ పుట్టిన రోజుకి దగ్గరగా ఉంటుంది. బ్రదరన్, బాప్టిస్టు సంఘాల్లో పెద్దయ్యాక, సొంతంగా ఒప్పుకున్నాక, కాలువలోనో గోదావరిలోనో ముంచి ఇస్తారు. ఆ తేదీ చూసి మనిషి వయసు లెక్కకడితే ఇరవై ముప్ఫై ఏళ్ళు తేడా వస్తుంది. లూథరన్ చర్చిలో పాస్టరు గారినడగాలి. బ్రదరన్ సంఘంలో జీతం తీసుకునే పాస్టరు అనే పద్ధతి మొదటి నుంచీ లేదు, పుస్తకం సంఘ పెద్దల్లో ఒకరి ఇంట్లో బైబిళ్ళ పక్కన ఉంటుంది.

పుస్తకం చేతికొచ్చాక తొందరపడకండి. బారుగా, అట్ట ఊడిపోయి, పాత చీర ముక్కలో చుట్టి ఉంటుంది. ఎలకలు మూలలు కొట్టేసి ఉంటాయి. అడ్డగీతలు చేత్తో గీసినవి: నంబరు, తేదీ, పాత పేరు, కొత్త పేరు, తండ్రి, ఇంటిపేరు, ఊరు, పని, సంతకం. పాత పేరు గడిలో పుల్లయ్య, కొత్త పేరు గడిలో పౌలు. సంతకం గడిలో నీలం వేలిముద్ర, ఆ కిందెక్కడో హఠాత్తుగా వంకరటింకర అక్షరాలతో మొదటి సంతకం. ఆ సంతకం తేదీ నోట్ చేసుకోండి, పేటలోకి బడి ఎప్పుడొచ్చిందో దాన్ని బట్టి లాగొచ్చు. పేజీలు తిప్పేటప్పుడు వేలికి తడి చేసుకోకండి, ఫ్లాష్ వేయకండి, కిటికీ పక్కన బల్ల మీద పరిచి పైనుంచి ఫోన్‌తో ఒక్కో పేజీ తీయండి, పుస్తకాన్ని ఊరు దాటించకండి. తీసిన ఫోటోలన్నీ పెన్‌డ్రైవ్‌లో వేసి ఆ సంఘానికే ముందు ఇవ్వండి.

సమాధుల తోట కూడా చదవాల్సిన పుస్తకమే. "ప్రభువునందు నిద్రించిరి" కింద పేరు, తేదీ, కొన్నిటి మీద చేసిన ఉద్యోగం. ఈస్టర్ తెల్లవారుజామున కొవ్వొత్తులతో కుటుంబాలన్నీ అక్కడే ఉంటాయి గనక ఎవరి సమాధి ఎవరిదో అడగడానికి అంతకంటే మంచి పూట లేదు. అక్షరాలు అరిగిపోతే చాకుతో గోకకండి, నీళ్ళు చల్లి పక్కనుంచి టార్చి వేస్తే కనపడతాయి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన హెచ్చరిక. చర్చి పుస్తకంలో చూసిన పేర్లు అచ్చువేయకండి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులకి ఎస్సీ హోదా ఉండదు, సిక్కులకీ బౌద్ధులకీ తర్వాత ఇచ్చారు గానీ వీళ్ళకి ఇవ్వలేదు. ఫలితంగా మన ఊళ్ళలో సర్టిఫికెట్లో ఒకటి, ఆదివారం ఒకటి అన్నట్టుగా తరాలు గడుస్తున్నాయి, అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. మీ పుస్తకంలో పడ్డ ఒక్క లైను పట్టుకుని రేపు ఎవరి ఉద్యోగం మీదో, ఎవరి సర్పంచి పదవి మీదో కేసు వేయొచ్చు. ఇంగ్లండులోనే జనాభా లెక్కల్లో పేర్లు వందేళ్ళు గడిచేదాకా బయటపెట్టరు, 1921 నాటివి 2022లో గానీ తెరవలేదు. మీరు కూడా పేర్లొదిలేసి లెక్కలు రాయండి: ఏ పదేళ్ళలో ఎంతమంది, ఏ ఊళ్ళ నుంచి, ఏ పనులు చేసేవాళ్ళు. ఎవరైనా తమ తాత పేరు వేయమని వాళ్ళే అడిగితే, అప్పుడు కూడా ఇంట్లో అందరూ ఒప్పుకుంటేనే.

బయటి దేశాల్లో ఉన్న మన పిల్లలకి ఇక్కడ పని చెప్పొచ్చు. బ్రదరన్ మిషన్ కాగితాలు, పత్రికలు మాంచెస్టరు యూనివర్సిటీ వాళ్ళ జాన్ రైలాండ్స్ లైబ్రరీలో ఒక ప్రత్యేక విభాగంగా ఉన్నాయి. కెనడా బాప్టిస్టుల కాగితాలు హామిల్టన్లో మెక్‌మాస్టర్ దగ్గర. ఈస్టిండియా కంపెనీ కాలం రెవెన్యూ కాగితాలు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో. మిషనరీలు ఇంటికి రాసిన ఉత్తరాల్లో మన ఊళ్ళ పేర్ల స్పెల్లింగులు ఘోరంగా ఉంటాయి, మీ ఊరి పేరు ఎన్ని రకాలుగా రాసే వీలుందో ముందే జాబితా రాసి పంపండి.

మనుషులతో మాట్లాడటం

"ఎప్పుడు జరిగిందండీ?" అని అడిగితే "చాన్నాళ్ళైందండి" అనే జవాబే వస్తుంది. తేదీ అడగొద్దు, వరదో తుఫానో పట్టుకోండి. గోదావరి మనిషికి క్యాలెండరు అదే. 1953 వరద, 1986 ఆగస్టు వరద, 1996 నవంబరు 6 తుఫాను, 2022 జూలై వరద. ఇలా నడుస్తుంది మాట:

"మామ్మగారూ, తొంభై ఆరు తుఫానుకి ఈ ఇల్లుందాండీ?"

"ఆయ్, ఉందండి. తాటాకిల్లేనండి అప్పటికి. కప్పు లేచిపోతే పిల్లల్నేసుకుని బళ్ళోకెళ్ళిపోయాం. ఈ శ్లాబు మా రెండోవాడి పెళ్ళికి ముందేసిందండి."

"మరి ఎనభై ఆరు వరదకో?"

"అప్పుడిక్కడ కాదండి, ఏటిగట్టు మీదుండేవోళ్ళం."

మూడు మాటల్లో ఒక కుటుంబం గట్టు మీద నుంచి శ్లాబు ఇంటి దాకా ఎలా వచ్చిందో తెలిసిపోయింది. ఇంతకుముందు వేసిన చార్టు మీద దాన్ని గుర్తుపెట్టండి.

ఇంకా పాత వాళ్ళు, లేదా వాళ్ళ దగ్గర విన్నవాళ్ళు తెలుగు సంవత్సరాల పేర్లు చెప్తారు. అరవై ఏళ్ళకోసారి అదే పేరు మళ్ళీ వస్తుంది గనక ఇక్కడ పప్పులో కాలేయడం తేలిక. నందన అంటే 1832-33 కావచ్చు, 1892-93 కావచ్చు, 1952-53 కావచ్చు. చెప్పే మనిషి తాతదా, ముత్తాతదా, కాలువలు అప్పటికి ఉన్నాయా లేవా అని అడిగితే తేలిపోతుంది.

మాట్లాడేటప్పుడు ఎక్కడ కూర్చున్నారన్నది కూడా లెక్కే. రామాలయం అరుగు మీద కూర్చుని పేటలో పెద్దాయన్ని పిలిపిస్తే ఆయన వస్తాడు, నిలబడే మాట్లాడతాడు, "మీకు తెలీందేముందండి" అని వెళ్ళిపోతాడు. మీరే ఆయన ఇంటికి వెళ్ళండి, వాళ్ళిచ్చిన టీ తాగండి. ఆడవాళ్ళతో ఆడవాళ్ళే మాట్లాడితే మంచిది, మీ ఇంట్లో వాళ్ళని తీసుకెళ్ళండి. నరసాపురం, పాలకొల్లు వైపైతే లేసు అల్లిక గురించి తప్పకుండా అడగండి. మిషనరీల ఇళ్ళల్లో మొదలై వేలమంది ఆడవాళ్ళ చేతుల్లోకి వెళ్ళిన పని అది, 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది, అయినా ఎవరు ఎంత కూలికి ఏ షావుకారుకి అల్లారన్నది ఏ కాగితంలోనూ లేదు. దారం కండె ఎంత, గురసు (పన్నెండు డజన్లు) అల్లితే ఎంత, డబ్బు ఎవరి చేతికొచ్చేది, ఇవి అడగండి.

గుడి సంగతి మీకు చెప్పక్కర్లేదు, పూజారి గారూ కమిటీ వాళ్ళూ వచ్చి చెప్తారు. ఆస్తుల కోసం దేవాదాయ శాఖ రిజిస్టరు చూడండి. ఊరి అమ్మవారి జాతర మాత్రం విడిగా రాయండి: గరగ (అమ్మవారి ఘటం) ఎవరెత్తుతారు, డప్పు ఎవరిది, మొదటి నైవేద్యం ఎవరి ఇంటి నుంచి వెళ్తుంది, తీర్థం రోజున ప్రభ ఎవరు కడతారు. ఒక్కో పని ఒక్కో ఇంటివాళ్ళది, ఆ ఇంటికే వెళ్ళి అడగాలి, కమిటీ ప్రెసిడెంటుని కాదు.

రాయడం, అచ్చు

అరవై పేజీలు దాటనివ్వకండి. దాటితే ఎవరూ చదవరు, షోకేసులో పెడతారు. మొదటి పేజీలో మీరు వేసిన మ్యాపు పెట్టండి. ప్రతి విషయం పక్కనా అది కాగితంలో చూసిందా, ఎవరైనా చెప్పిందా, ఊళ్ళో అనుకునేదా అన్నది ఒక్క ముక్కలో తెలిసేలా రాయండి. రెండు వర్గాలు రెండు రకాలుగా చెప్తే రెండూ వేయండి, మీరు తీర్పరి కాదు.

డబ్బు దగ్గరే అసలు టెన్షన్. స్పాన్సరు దొరకడం కష్టమేం కాదు, అమెరికాలోనో హైదరాబాద్‌లోనో ఒకాయన "మొత్తం నేనే పెడతానండీ" అంటాడు, తర్వాత మెల్లగా మా తాతగారి గురించి ఒక అధ్యాయం అంటాడు. అందుకని తలా వందో రెండొందలో ఇంటింటికీ వసూలు చేయండి, ఇచ్చిన వాళ్ళ పేర్లు చివరి పేజీలో అంకె లేకుండా అక్షర క్రమంలో వేయండి. ఫోటోలు వద్దు. ఈ ఒక్క షరతు మీద గట్టిగా నిలబడితే మిగతా పేజీలు వాటంతటవే బాగుపడతాయి.

డీటీపీ వాళ్ళకిచ్చే ముందు చిత్తుప్రతిని రెండు చోట్ల పైకి చదివి వినిపించండి, ఒకసారి రామాలయం దగ్గర, ఒకసారి పేటలో చర్చి ఆరాధన అయ్యాక. ఒకే చోట అందర్నీ పిలిస్తే సగం మంది నోరు విప్పరు. అభ్యంతరాలన్నీ నోట్ చేసుకోండి, వెంటనే వాదించకండి. "మా నాన్న పేరు లేదేం" అన్న ప్రతి మాట వెనక ఇంకో అరగంట కబురుంది, ఆ సాయంత్రమే వాళ్ళింటికి వెళ్ళండి.

మూడొందల కాపీలు చాలు. శాఖా గ్రంథాలయానికి రెండు, బడికి రెండు, పంచాయతీకి ఒకటి, గుడికీ చర్చికీ చెరొకటి ముందే పక్కన పెట్టండి. స్కాన్ చేసిన పేజీలు, రికార్డింగులు ముగ్గురి దగ్గర మూడు హార్డ్‌డిస్కుల్లో ఉంచండి, అందులో కనీసం ఒకరు వేరే ఊళ్ళో ఉండే మనిషై ఉండాలి, వరదొస్తే ఊళ్ళోవన్నీ ఒకేసారి తడుస్తాయి. పుస్తకం చివర రెండు కాగితాలు ఖాళీగా వదిలి, తప్పులు కనిపిస్తే రాసి గ్రంథాలయంలో ఇవ్వమని ఒక లైను వేయండి. ఎలాగూ వస్తాయి, మొదటి వారంలోనే వస్తాయి, రెండో ముద్రణకి ఆ కాగితాలే పనికొస్తాయి.